చప్పుడు లేకుండా దింపిన పడవ

బందరు,
జూన్ 18, బుధవారం.

చిరంజీవి రమ్యకు నాన్న దీవించి రాస్తున్న ఉత్తరం.

దేవుడి దయవల్ల మీ అమ్మా నేనూ ఇక్కడ తిరుగుతూనే ఉన్నాం. బాగున్నామనే రాయాలి గానీ, ఇరవై రెండేళ్ళుగా బస్సులో నిలబడి ఉద్యోగం చేస్తున్నవాడు సాయంత్రం ఇంటికొచ్చి చెప్పులు విప్పేటప్పుడు బాగున్నానంటే అది కొంచెం పెద్ద మాటే. నువ్వు వేళకి తింటున్నావనీ, ఆ జలుబు తగ్గిందనీ అనుకుంటున్నాను.

నీ ఉత్తరం గుడివాడ సర్వీసు కండక్టరు ప్రసాద్ బాబాయ్ డిపోలో నా చేతికిచ్చాడు. "ఈ రోజుల్లో ఉత్తరాలేంటి బాబూ, మీ తండ్రీకూతుళ్ళకి?" అని నవ్వాడు. ఆయనకేం తెలుసు? ఆదివారం అయిదు నిమిషాల ఫోనులో, పక్కన వార్డెన్ గారు నిలబడి గడియారం చూస్తుంటే, తిన్నావా, చదివావా, సరే ఉంటాను అనడం తప్ప ఏం మాట్లాడతాం. ఇది కూడా ఆయన చేతే పంపిస్తున్నాను, మడతపెట్టి, అంటించి.

నువ్వు నాలుగు ప్రశ్నలు అడిగావు. మూడింటికి నెంబర్లు వేశావు. నాలుగోది కాగితం అడుగున చిన్న అక్షరాలతో రాసి, మళ్ళీ కొట్టేశావు. కొట్టేసినా కనబడుతూనే ఉంది తల్లీ. దానికి జవాబు చివర్లో రాస్తాను. ముందు మూడోదానికి నిజం చెబితే గానీ నాలుగోది రాయడానికి నాకు చెయ్యి రాదు.

మొదటిది, అమ్మ మోకాలు. తగ్గలేదు, పెరగలేదు. ఆస్పత్రిలో మెట్లెక్కే పని లేని వార్డు అడగమన్నాను. "నర్సుని కూర్చోబెట్టి జీతమివ్వరండీ" అంది. రెండోది, నీ సైకిలు. ఎవరికీ ఇవ్వలేదు. టైర్లలో గాలి పోయి మెట్ల కింద ఉంది. దాని మీద అమ్మ తడిబట్టలు ఆరేస్తోంది. నువ్వొస్తే తిట్టుకో, నేను మధ్యలో రాను.

మూడోది గవ్వ. "మూడు ఆదివారాలుగా గవ్వ బానే ఉందని ఒక్కలాగే అంటున్నావు నాన్నా. ఇదివరకైతే ఏం తిందో, ఎక్కడ పడుకుందో చెప్పేవాడివి. ఏమైంది?" అని రాశావు. టిక్కెట్టు తీసుకోనివాణ్ణి మొహం చూసి పట్టుకునే ఉద్యోగం నాది. నువ్వు గొంతు విని నన్ను పట్టుకున్నావు.

చెబుతాను. నీకు తెలిసినవి కూడా మళ్ళీ రాస్తాను, విసుక్కోకు. మొదట్నుంచీ వస్తే తప్ప ఆ చోటికి నేను చేరలేను.

పశువుల ఆస్పత్రిలో పనిచేసే జీవన్ కుమార్ గవ్వని తెచ్చిన రోజు గుర్తుందా? నాగాయలంక అవతల రొయ్యల చెరువు ఎండగట్టేసి, కాపలా పాకలో గుంజకి కట్టిన కుక్కని అలాగే వదిలేసి పోయారన్నాడు. కాపలా కుక్కే గానీ, దానికి కాపలా తప్ప అన్నీ వచ్చు. చెరువు మీద వాలే పిట్టల్ని తోలడానికి అక్కడ పొద్దస్తమానం రేకుడబ్బాలు కొడతారు, టపాకాయలు పేలుస్తారు. పుట్టిన దగ్గర్నుంచీ ఆ చప్పుళ్ళ మధ్య కట్టేసి ఉండి, దాని గుండె చిన్న చప్పుడుకే బెదిరేలా అయిపోయింది. "శాశ్వతంగా ఉంచుకునేవాళ్ళు దొరికేదాకా మూడు వారాలు మీ ఇంట్లో ఉంచండి సార్. రేకు చప్పుడు మాత్రం వినబడనివ్వకండి" అన్నాడు. అది మంచం కింద దూరి ముడుచుకుని పడుకుంటే, నువ్వు బోర్లా పడుకుని చూసి, గవ్వలాగా ఉందని ఆ పేరు పెట్టావు.

మూడు వారాలు పధ్నాలుగు నెలలయ్యాయి. మొదటి రెండు నెలలూ నువ్వున్నావు. తర్వాత నువ్వు డాక్టరు చదువు కోసమని గుడివాడ కాలేజీ హాస్టలుకి వెళ్ళిపోయావు, గవ్వ మాకు మిగిలింది.

ఆ పధ్నాలుగు నెలలూ మన ఇల్లు ఎలా ఉందో నీకు పూర్తిగా తెలీదు. అమ్మ కుక్కరు అటక మీద పెట్టేసి గిన్నెలో అన్నం వండింది. స్టీలు పళ్ళేలు కింద పెట్టాలంటే ముందు గుడ్డ పరిచేవాళ్ళం. ఇనప గేటు మడతబందులకి నేను నూనె పోసేవాణ్ణి. నాకొక పాడలవాటు ఉంది కదా, బస్సు రేకు మీద రెండు దెబ్బలు కొట్టి రైట్ రైట్ అనీ అనీ, ఇంటికొచ్చేటప్పుడు కూడా గేటు మీద అలాగే రెండు కొట్టేవాణ్ణి. అది మానుకోవడానికి నెల పట్టింది. చెయ్యి లేచేది, మళ్ళీ జేబులో పెట్టుకునేవాణ్ణి. తొమ్మిదో నెలలో ఒక రోజు గవ్వ మంచం కింద నుంచి మెడ చాపి నా చేతిలోని గుడ్డు ముక్క తీసుకుంది. నేను అమ్మని కేక వేసి పిలవబోయి, నోరు మూసుకుని, కళ్ళతో పిలిచాను.

ఇంతలో ఇంటాయన విల్సన్ మాస్టారు జూన్ నెలాఖరు గడువు పెట్టారు. ఆయన మంచివారే. వాళ్ళమ్మాయి పసిబిడ్డతో కింద వాటాలోకి వస్తోందట, కుక్క ఉంటే రానందట. అందుకని ఏప్రిల్ నుంచి గవ్వకి పెళ్ళిచూపులు మొదలుపెట్టాం.

మొదట గుడివాడ నుంచి భార్యాభర్తలు వచ్చారు. పెళ్ళికూతురు మంచం కింద నుంచి రాలేదు. ఆయన వంగి చూసి "మొరుగుద్దాండీ?" అన్నాడు. "లేదండి" అన్నాను. "కరుస్తదా?" "అబ్బే." "మరెందుకండీ?" అన్నాడు. రెండోసారి వచ్చినాయనకి చెరువులున్నాయి. "చెరువు మీద వదిలేస్తే దానంతటదే ధైర్యం వచ్చుద్దండి" అన్నాడు. మీ అమ్మ ఆయన చేతిలో సగం తాగిన కాఫీ గ్లాసు తీసేసుకుని "నమస్కారమండీ" అంది.

మూడో సంబంధం చల్లపల్లి నుంచి. బాలాజీ, సుమతి. ఆయనకి జెరాక్సు షాపు, ఆవిడ ఇంట్లోనే బట్టలు కుడుతుంది. పిల్లల్లేరు. సుమతి రాగానే కుర్చీ వద్దని నేల మీద కూర్చుంది. మాతో మాట్లాడుతూ ఉడకబెట్టిన పల్లీలు ఒక్కొక్కటే మంచం వైపు వేసింది, అటు చూడలేదు. గంట తర్వాత గవ్వ మూతి బయటికి వచ్చింది. ఆవిడ అప్పుడూ చూడలేదు. నేను అమ్మ వైపు చూశాను, అమ్మ కళ్ళు తుడుచుకుంటోంది. ఇంతకంటే మంచి ఇల్లు దొరకదని ఇద్దరికీ తెలిసిపోయింది.

నీకు ఆ ఆదివారం ఈ సంబంధం సంగతి చెప్పలేదు. వెళ్ళి స్థిరపడ్డాక చెబుదామనుకున్నాను. అది మొదటి తప్పు.

మే నెల ఇరవై మూడు, శుక్రవారం, నాకు ఆఫ్. పొద్దున్నే బాలాజీ, సుమతి ఆటో మాట్లాడుకుని వచ్చారు. అమ్మ గవ్వని నీ పాత ఆకుపచ్చ చున్నీలో చుట్టి సుమతి ఒళ్ళో పెట్టింది. అది వణుకుతోంది గానీ పెనుగులాడలేదు. తల సుమతి మోచేతి కింద దాచుకుంది. ఆటో డ్రైవరు బండి తీశాడు. మంచి పని జరుగుతోందన్న సంతోషం, దిగులు, రెండూ కలిసి వచ్చాయి. అప్పుడు నా కుడిచెయ్యి లేచింది రమ్యా. ఇంటి దగ్గర ఏడాదికి పైగా జేబులో పెట్టుకున్న చెయ్యి. ఆటో వెనకరేకు మీద ధనా ధనా రెండు దెబ్బలు కొట్టి "రైట్ రైట్" అన్నాను.

గవ్వ అవతలి వైపు నుంచి దూకేసింది. చున్నీ సుమతి చేతిలో ఉండిపోయింది. సందు మలుపు దాకా దాని తోక కనబడింది, తర్వాత అదీ లేదు.

నా చెయ్యే. ఎవరో టపాకాయ పేల్చారనో, లారీ హారను కొట్టిందనో నీకు చెప్పేయొచ్చని ఈ మూడు వారాల్లో ఎన్నోసార్లు అనుకున్నాను. నా చెయ్యే తల్లీ.

ఆ రోజంతా వెతికాం. బాలాజీ ఆటోలో, నేను విల్సన్ మాస్టారి స్కూటరు మీద. సుమతి మన గేటు దగ్గరే కూర్చుంది, పొద్దుగూకేదాకా. గవ్వ రాలేదు. ఇప్పుడు రాయబోయేది మీ అమ్మకి కూడా చెప్పలేదు. ఆ రాత్రి నాకు బాగా నిద్ర పట్టింది. పళ్ళెం ఎలా పెట్టాలి, గేటు ఎలా తియ్యాలి, నెలాఖరుకి ఏం చెయ్యాలి అన్న ఆలోచన లేకుండా పడుకున్నాను. దిగులుతో పాటు ఒక బరువు దిగినట్టయింది. పొద్దున లేచాక ఆ నిద్ర గుర్తొచ్చి నా మీద నాకే అసహ్యం వేసింది. అలసిపోయినవాడు ఎంత నీచంగా నిద్రపోగలడో నాకు తెలిసింది.

ఆదివారం నువ్వు ఫోనులో "గవ్వ ఎలా ఉంది?" అన్నావు. నీకు మర్నాడు ఏదో పరీక్ష ఉందన్నావు. "బానే ఉంది" అన్నాను. ఒకసారి అన్నాక రెండోసారి అనడం సులువు. మూడోసారి నువ్వడక్కముందే అన్నాను. మీ అమ్మ పక్కనే నిలబడి విని, ఆ రోజు నుంచి నాతో అవసరానికి మించి మాట్లాడటం మానేసింది. అన్నం పెడుతుంది, కూర ఎలా ఉందని అడగదు.

ఆమె పద్ధతిలో ఆమె వెతికింది. చర్చిలో ప్రార్థన మనవుల పెట్టెలో చీటీ వేసింది, గవ్వ క్షేమంగా తిరిగి రావాలని. అయ్యగారు పేరు చూసి ఎవరో ఆడపిల్ల అనుకున్నారు. "తప్పిపోయిన మా సహోదరి గవ్వను నీ రెక్కల నీడలో దాచు తండ్రీ" అని మైకులో ప్రార్థించారు. అందరూ ఆమెన్ అన్నారు. నేనూ అన్నాను, నవ్వు రాలేదు.

నేను బస్సులోంచి వెతికాను. బందరు నుంచి నాగాయలంక దాకా రోడ్డు పక్కన ఎన్ని కుక్కలుంటాయో నేనెప్పుడూ చూడలేదు. గోధుమ రంగు కనబడితే చాలు, మా డ్రైవరు స్టీఫెన్ అడక్కుండానే బ్రేకు మీద కాలు వేసేవాడు. రోజూ ఎక్కేవాళ్ళందరికీ చెప్పాను, ఎడమ చెవి అంచు చీలి ఉంటుంది, పిలిస్తే రాదు అని. "పిలిస్తే రానిదాన్ని ఎట్టా పట్టుకుంటారండీ?" అని ఒకాయన అడిగాడు. నిజమే. ఆ ఇరవై రోజుల్లో అలసట నా ఎముకల్లోకి దిగిపోయింది. చిల్లర ఇవ్వడం మర్చిపోయి తిట్లు తిన్నాను. అవనిగడ్డలో దిగాల్సిన ముసలాయన్ని లేపడం మర్చిపోయి నాగాయలంక దాకా తీసుకుపోయాను.

కిందటి గురువారం అన్నపూర్ణమ్మ చెప్పింది. ఆవిడ సముద్రం వైపు పల్లెపాలెం నుంచి చేపల బుట్టతో వచ్చి, పొద్దున మా బస్సులో చల్లపల్లి వెళ్తుంది. సముద్రంలో చేపల వేట నిషేధం రోజులు కాబట్టి ఆ రెండు నెలలూ ఎండుచేపలే. టిక్కెట్టు తీసుకుంటూ "మీరు చెప్పిన చీలిన చెవిది, మా పడవ కింద ఉంటందండి. పది రోజుల బట్టి. అదో కాదో చూసుకోండి" అంది. నేను టిక్కెట్టు మిషను ఆవిడ ఒళ్ళోనే వదిలేసినంత పని చేశాను.

డ్యూటీ దిగి అట్నుంచటే వెళ్ళాను. ఊరు దాటి, ఉప్పు మడులు దాటి, మన ఇంటికి ఎంత దూరమో. నిషేధం కదా, ఇంజన్ల చప్పుడు లేదు, మనుషుల హడావుడి లేదు. పడవలన్నీ ఒడ్డున దుంగల మీదకెక్కించి రంగులు వేసి ఉన్నాయి. చెవులు మూసుకుని బతికే కుక్క వెతుక్కుని వెతుక్కుని, జిల్లాలో ఆ రెండు నెలలూ చప్పుడు లేని చోటే పట్టుకుంది. అన్నపూర్ణమ్మ భర్త తాతారావు గారి నీలం పడవ కింద ఇసకలో గొయ్యి తవ్వుకుని పడుకుని ఉంది. చిక్కిపోయింది. గవ్వే.

"గవ్వా" అన్నాను. నా గొంతు వినగానే ఇంకా లోపలికి జరిగింది. మళ్ళీ పిలిచాను, ఇంకా లోపలికి. తాతారావు గారు వల బాగు చేసుకుంటూ తలెత్తకుండా "పిలవమాకండి బాబూ. పిలిచేకొద్దీ దూరం పోతంది" అన్నారు. తొమ్మిది నెలలు మెడ చాపడానికి తీసుకుంది, రెండు దెబ్బలతో అదంతా పోయింది. నా మొహం చూస్తే దానికి రేకు చప్పుడే గుర్తొస్తోంది, అంతే.

అప్పుడు ఆయన అసలు సంగతి చెప్పారు. "నిషేధం శనివారంతో అయిపోద్ది. ఆదివారం పొద్దున్న గంగమ్మకి కొబ్బరికాయ కొట్టి పడవ దింపేస్తాం." అంటే దాని ఇంటికప్పు మూడు రోజుల్లో సముద్రంలోకి వెళ్ళిపోతుంది. పడవ దింపేటప్పుడు పదిహేను మంది భుజాలు ఆనించి, గట్టిగా అరుచుకుంటూ తోస్తారు. ఆ అరుపులకి ఇది మడ అడవిలోకి పారిపోతే ఇంక ఎవరికీ దొరకదు. వల వేసి పట్టేద్దామని ఎవరో అన్నారు. జీవన్ కుమార్‌కి ఫోను చేస్తే, "వల పడితే దొరుకుతుంది సార్, కానీ ఇంక ఏ మనిషినీ జన్మలో నమ్మదు" అన్నాడు. "మొహం చూపించకండి. వీపు తిప్పి కూర్చోండి. చేతులు కదపకండి. అంతే మీరు చెయ్యగలిగింది" అన్నాడు.

శుక్రవారం, శనివారం సెలవు పెట్టి వెళ్ళి అలాగే కూర్చున్నాను. పడవకి పది గజాల దూరంలో, అటు వీపు పెట్టి, అరచేతులు తొడల కింద నొక్కుకుని. ఎండ మాడ్చేసింది. అన్నపూర్ణమ్మ కొంగు తడిపి నా నెత్తిన కప్పింది. గవ్వ రాలేదు. రాకపోయినా, నేను లేచి వెళ్ళిపోయాక నేను కూర్చున్న చోటు వాసన చూసిందని ఆవిడ చెప్పింది.

శనివారం సాయంత్రం తాతారావు గారితో అన్నాను, ఒక్క రోజు ఆగలేరా అని. రెండు నెలలు చేతిలో పని లేకుండా కూర్చున్నవాళ్ళని ఆ మాట అడగడం న్యాయం కాదని తెలుసు. ఆయన వల మడత పెట్టుకున్నారు. అన్నపూర్ణమ్మ మధ్యలో వచ్చి "ఆగక్కర్లా. నోరు మూసుకుని తొయ్యండి. మీరు పడవని చేత్తో తోస్తారా, నోటితో తోస్తారా?" అంది. "అరుపు లేకపోతే బలం రాదే" అన్నారాయన. "రెండు నెలలు ఇంట్లో కూచుని నా మీద అరిచారుగా, ఆ బలం ఉంటది" అంది ఆవిడ. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు, ఆయన కూడా నవ్వారు. కొబ్బరికాయ నీళ్ళ దగ్గరే కొట్టుకోవచ్చులే అన్నారు.

ఆదివారం పొద్దున్న చర్చి మానేసి, అమ్మా నేనూ వెళ్ళాం. ఈ మూడు వారాల్లో మొదటిసారి అమ్మ నా పక్కన నడిచింది. నేను నా చోట్లో కూర్చున్నాను, పడవకి వీపు పెట్టి. కాబట్టి జరిగింది నేను చూడలేదు రమ్యా. విన్నాను, అంతే. నాకెదురుగా అమ్మా, అన్నపూర్ణమ్మా నిలబడ్డారు. వాళ్ళ మొహాలే నేను చూసింది.

తాతారావు గారు తువ్వాలు ఎత్తి దించితే తొయ్యాలని చెప్పుకున్నారట. ఇసకలో పాదాలు దిగబడిన చప్పుడు వినబడింది. పదిహేను మంది ఊపిరి బిగబట్టి వదలడం వినబడింది. దుంగ కిర్రుమంది. ఒకడు తుమ్మాడు, మిగతా అందరూ వాడి వైపు తిరిగి ఉరిమి చూశారని అమ్మ తర్వాత చెప్పింది. మళ్ళీ ఊపిరి, మళ్ళీ కిర్రు. తరతరాలుగా అరుచుకుంటూ పడవలు దింపినవాళ్ళు, ఎవరిదో తెలియని ఒక పిరికి కుక్క కోసం పెదవులు కొరుక్కుని తోశారు. పడవ నీళ్ళు తాకిన చప్పుడు మెత్తగా వచ్చింది.

తర్వాత ఏ చప్పుడూ లేదు. అన్నపూర్ణమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. అమ్మ రెండు చేతులూ జోడించి, పెదవులు కదుపుతోంది, ప్రార్థన చేస్తోందని తెలుస్తోంది. పైన కప్పు పోయి, ఎండలో, గొయ్యిలో గవ్వ ఒక్కతే ఉండి ఉంటుంది. ఎటైనా పోవచ్చు. మడ అడవి ఒక పక్క, మనుషులు ఒక పక్క. నాకు తిరిగి చూడాలని మెడ నరాలు లాగేశాయి. చేతులు తిమ్మిరెక్కాయి.

చాలాసేపటికి నా నడుము దగ్గర ఏదో వెచ్చగా తగిలింది. గవ్వ వచ్చి, నా వీపుకి తన వీపు ఆనించి పడుకుంది.

నేను ఏడ్చాను. కదలకుండా ఏడవడం చాలా కష్టం తల్లీ. ఎదురుగా మీ అమ్మ కూడా ఏడుస్తూ నన్ను కదలొద్దని కళ్ళతో చెబుతోంది. నీళ్ళలో పడవ పట్టుకుని పదిహేను మంది నోరు విప్పకుండా నిలబడి ఉన్నారు.

ఎండ చల్లబడ్డాక నేను వెనక్కి చూడకుండా నడిచాను, అది నా వెనకే ఇంటిదాకా వచ్చింది. ఆ ఆదివారం నీకు ఫోను చెయ్యలేదు. గవ్వ బానే ఉందని నిజంగా చెప్పగలిగిన రోజు అదొక్కటే, అయినా అయిదు నిమిషాల్లో చెప్పేది కాదు. సుమతికి మాత్రం చేశాను. మంచి ఇల్లు, మాట ఇచ్చాం, ఇప్పటికైనా తీసుకెళ్తారేమో అడగాలి కదా. ఆవిడ అంతా వింది. "వద్దండీ. దాన్ని ఇంకోసారి ఆటో ఎక్కించొద్దు. దానికి ఇల్లు దొరికిందిగా" అంది. జీవన్ దగ్గర ఒంటికన్ను ముసలి కుక్క ఒకటి ఉందిట, దాన్ని తెచ్చుకుంటామంది.

విల్సన్ మాస్టారికి చెప్పేశాం, నెలాఖరుకి ఖాళీ చేస్తామని. డిపో వెనక రెండు గదుల ఇల్లు చూశాం. చిన్నది, వానకి ఒక మూల కారుతుందట. గేటు చెక్కది. ఈ వయసులో మళ్ళీ సామాను మొయ్యాలంటే నాకు ఇప్పుడే నడుము పట్టేస్తోంది. గవ్వ ఇప్పుడు మంచం కింద కాదు, నా కుర్చీ వెనక పడుకుంటోంది. ఇది రాస్తుంటే అక్కడే ఉంది. మీ అమ్మ నిన్న కూర ఎలా ఉందని అడిగింది.

ఇక నాలుగోది. "నేను ఇంటికి వచ్చేస్తే కోప్పడతావా నాన్నా" అని రాసి కొట్టేశావు.

నిన్ను హాస్టల్లో దింపిన రోజు నీ పెట్టె లోపల పెట్టి బయటికొచ్చి, ఆ ఇనప గేటు మీద కూడా రెండు కొట్టాను. రైట్ రైట్ అన్నాను. అక్కడున్న తల్లిదండ్రులంతా నవ్వారు. నువ్వు నవ్వలేదు. తిరిగి చూడకుండా లోపలికి వెళ్ళిపోయావు. అమ్మాయి ధైర్యస్థురాలు అనుకున్నాను. తిరుగు బస్సులో హాయిగా నిద్రపోయాను, ఒక బాధ్యత తీరిందని. ఆ తర్వాత ఏడాదిగా ప్రతి ఆదివారం నువ్వు "బానే ఉన్నాను" అన్నావు, ఒక్కలాగే. ఆ మాట అలా ఎందుకంటారో ఇప్పుడు నాకు బాగా తెలుసు. నువ్వు ఏమీ అనవు కాబట్టి నీకేమీ లేదనుకున్నాను. నన్ను క్షమించు.

కోప్పడను. డాక్టరువి కాకపోయినా కోప్పడను. బందరులో కాలేజీలు లేకపోలేదు. నీ సైకిలుకి రేపే గాలి కొట్టిస్తాను, బట్టలు వేరే చోట ఆరేసుకోమంటాను.

కానీ నిన్ను రమ్మని కూడా పిలవను. అదీ నువ్వే తేల్చుకోవాలి. వచ్చే ఆదివారం తొలి బస్సుకి గుడివాడ వస్తున్నాను. గేటు కొట్టను. నిన్ను ఇంటికి పంపే కాగితం మీద సంతకం పెట్టి ఆఫీసులో ఇచ్చేస్తాను, నీకు అక్కర్లేకపోతే చించెయ్యొచ్చు. ఎదురుగా టీకొట్టు బయట సిమెంటు బల్ల ఉంది కదా, దాని మీద కూర్చుంటాను. ఆవకాయ సీసా పక్కన పెట్టుకుంటాను. నువ్వు పెట్టె సర్దుకుని వచ్చినా సరే, సీసా తీసుకుని లోపలికి వెళ్ళిపోయినా సరే. సాయంత్రం చివరి బస్సు దాకా అక్కడే ఉంటాను. గేటు వైపు వీపు పెట్టి కూర్చుంటాను తల్లీ, తిరిగి చూడను.

ఇట్లు,
చేతులు తొడల కింద పెట్టుకోవడం నేర్చుకుంటున్న
మీ నాన్న
ఆనందరావు